వ్యూహక్రీడలలో పాత్రల నిగూఢశక్తులు

భరతుని నాట్యశాస్త్రము తొలి అధ్యాయమున ఇంద్రాది దేవతలు బ్రహ్మకడ కేగి, చూచుటకును వినుటకును అనువైన యొక ఆటవస్తువును దయచేయుమని వేడినట్లు కలదు. ఆ వేడికోలు ఫలించి పుట్టినది నాట్యము. తరువాతి లాక్షణికులు దృశ్యము, శ్రవ్యము అను విశేషణములను విస్తరించి చర్చించిరి గాని, ఆట అను విశేష్యమును అంతగా పట్టించుకొనలేదు. అట్లు మరుగుపడిన అంశము నేడు మరల మన ముందునకు వచ్చుచున్నది. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతముల కథలు వెండితెరతో ఆగక, చేతిలోని ఫోనుపై ఆడుకొను ఆటలుగా కూడ మారుచున్నవి.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణము బాహుబలి. ఎస్.ఎస్. రాజమౌళి దర్శకత్వమున, వి. విజయేంద్రప్రసాద్ కథతో, ఆర్కా మీడియా వర్క్స్ నిర్మించిన ఈ చిత్రము మొదటి భాగము 2015 జులై 10న, రెండవ భాగము 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యెను. ఆ 2017లోనే బెంగుళూరులోని మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ అను సంస్థ ‘బాహుబలి: ది గేమ్’ అను వ్యూహక్రీడను వెలువరించినది. ఆడువాడు రాజ్యమును కట్టుకొని, సేనను కూర్చుకొని, చిత్రమునందలి వీరుల తోడ్పాటుతో కాలకేయుల నెదిరించుట అందలి వస్తువు. ఆ ఆట గుణదోషములను ఎంచుట ఈ వ్యాసమున మా ఉద్దేశము కాదు. ఒక మధ్యయుగ రాజ్యకథను వ్యూహక్రీడగా మార్చునప్పుడు పాత్రల యందలి శక్తులలో కొన్నిటిని దాచి ఉంచవలసి వచ్చును. ఆ దాపరికమునకు నియమమేమి? దానిని న్యాయముగా చేయుట ఎట్లు? ఇదియే మా విచారణ. అలంకారశాస్త్రమును పరీక్షకు మాత్రమే పనికివచ్చు శాస్త్రముగా తలచు విద్యార్థులు కొందరు కలరు. మా తరగతులలో చదివి ఫిల్మ్‌నగర్ కథాచర్చలకు పోవువారును కలరు. ఈ ఇరుతెగల వారికిని ఈ ప్రశ్న ఒక్కటియే.

ముందుగా ఏమియు దాచని ఆటలను చూతము. మన పల్లెలలో అరుగులమీదను, గుడి మండపముల రాతిపలకలమీదను గీతలు గీచి ఆడు పులిజూదము అట్టిది. సాధారణముగా పులులు 3, మేకలు 15. పులి దుమికి మేకను చంపును; మేకలు గుంపుగూడి పులిని కదలకుండ కట్టివేయును. ఇరువురికిని బలగమంతయు ఎదుటనే కనబడుచుండును. చదరంగమును ఇంతియే. అయినను చదరంగములో బంటు ఎనిమిదవ గడికి చేరినచో మంత్రి కాగలదు. ఇది దాచిన శక్తి కాదు, నియమము అందరికిని తెలిసినదే. కాని ఆట మొదటిలో ఆ బంటునందు మంత్రిని చూచువాడు అరుదు. కనబడుచునే మరుగున నుండు శక్తికి ఇంతకంటె మంచి దృష్టాంతము మాకు తోచలేదు.

పడమటి దేశముల స్ట్రాటెగో అను బల్లపై ఆడు ఆట దీనికి భిన్నము. అందు ఒక్కొక్క పక్షమునకు 40 పావులు. ఏ పావు ఏదియో ప్రతిపక్షికి కనబడదు. పావు వీపు మాత్రమే వానివైపు ఉండును. అన్నిటికంటె అల్పుడైన గూఢచారి తానై ముందుకు వచ్చి తాకినచో, అన్నిటికంటె అధికుడైన సేనాపతి పడిపోవును. అట్టి గూఢచారి ఒకడున్నాడనియు, వానికట్టి శక్తి కలదనియు ఇరువురును ఎరుగుదురు. ఎరుగనిది వాడెక్కడ నున్నాడన్నదే. శక్తిని చెప్పి, శక్తిమంతుని దాచుట ఇందలి కీలకము. అట్లుగాక ‘నా బంట్లలో ఒకనికి నీ ఏనుగును చంపు బలము కలదు, అది నీకు ముందు చెప్పలేదు’ అని ఆట నడుమ ఒకడు పలికినచో, అది వ్యూహము కాదు, తొండి. తొండి అను మాట పిల్లలది. అయినను ఈ భేదమును అంతకంటె సూటిగా చెప్పు మాట శాస్త్రగ్రంథములలో లేదు.

కావున ‘ఏమి దాచవలెను’ అను ప్రశ్నకు ముందు ‘ఎవరినుండి దాచవలెను’ అను ప్రశ్న పుట్టును. ఎదుటివానినుండి దాచినదానిని ప్రచ్ఛన్నమనియు, ఆడువానినుండియే దాచినదానిని గుప్తమనియు, ఆ పాత్రకే తెలియక లోన నిద్రించుచున్నదానిని సుప్తమనియు ఈ వ్యాసమున వ్యవహరించుచున్నాము. ఈ మూడును ఒకదానితో నొకటి కలియవచ్చును. బాహుబలి మొదటి భాగమునందలి శివుని చూడుడు. తాను మాహిష్మతి రాజకుమారుడనని అతడెరుగడు. శివలింగమును పెకలించి భుజముపై మోసి జలపాతము క్రింద నిలుపునప్పుడు ఆ బలము ఎచ్చటిదో అతనికిని, చూచువారికిని తెలియదు. అది సుప్తమును, గుప్తమును. అయితే అతడు నగరమున అడుగిడగనే ప్రజలు అతని ముఖమును చూచి మోకరిల్లుదురు. తండ్రి పోలిక అతని ముఖముననే వ్రాసి యున్నది. ఆధారము అందరికిని కనబడుచున్నది, ఒక్క అతనికి తప్ప. కథకుడు దాచిన తీరు ఇందు మెచ్చదగియున్నది.

ప్రచ్ఛన్నమును గూర్చి తెలుగువారికి కొత్తగా చెప్పవలసినది లేదు. తిక్కన విరాటపర్వము మనకు ఇంటింటి కథ. అయితే ఆటను కల్పించువాని దృష్టితో ఆ పర్వమును మరల చదివినచో కొన్ని విశేషములు కొత్తగా కనబడును. పాండవులు మారువేషములను ఇష్టము వచ్చినట్లు ఎన్నుకొనలేదు. భోజనప్రియుడైన భీముడు వంటవాడయ్యెను. స్వర్గమున చిత్రసేనునికడ సంగీతనృత్యములు నేర్చిన అర్జునుడు, ఊర్వశి శాపమును ఆసరాగా చేసికొని నాట్యాచార్య పదవిలో చేరెను. జూదమున సర్వమును పోగొట్టుకొని, పిమ్మట బృహదశ్వునివలన అక్షవిద్యను గ్రహించిన ధర్మరాజు కంకుభట్టై రాజునకు జూదపుతోడు అయ్యెను. నకులుడు గుఱ్ఱములకడ, సహదేవుడు గోవులకడ చేరిరి. ప్రతివాడును తన పెద్దశక్తిని తన చిన్నశక్తి వెనుక దాచుకొనెను. అందుచే వేషము అతుకులబొంత కాలేదు. ఆటలో ఒక మహావీరుని సామాన్యునిగా చూపదలచినవాడు అతనికేదో ఒక వేషము తగిలించుట కాదు, అతనియందే ఉన్న చిన్నపనిని వెదకి దానిని ముందు నిలుపవలెను.

మరియొక విశేషము. అజ్ఞాతవాస నియమము ఉభయపక్షములకును తెలిసినదే. పదుమూడవయేట బయటపడినచో మరల పండ్రెండేండ్ల అరణ్యవాసము. అనగా దాగుటకు గడువు ఒకటి, బయటపడుటకు మూల్యమొకటి ముందే నిర్ణయమైనవి. ఇక కీచకవధ. ద్రౌపదికి అవమానము జరిగినప్పుడు భీముడు తన బలమును ప్రయోగింపక తప్పలేదు. ప్రయోగించినంతనే ఆ బలము ఊరకుండక వార్తయై హస్తినాపురము చేరెను. కీచకుని చంపగలవాడు లోకమున ఎందరు? భీముడు అచ్చటనే యుండవలెనని దుర్యోధనుడు ఊహించినట్లు తెలుగునాట ప్రసిద్ధమైన కథనము. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున 1963లో వెలువడిన నర్తనశాల చూచినవారికి ఈ ఘట్టపు బిగువు అనుభవమే. ప్రచ్ఛన్నశక్తికి ప్రయోగమే ప్రకటనము. వాడినచో పని నెరవేరును, గుట్టు బయటపడును. వాడకున్నచో గుట్టు నిలుచును, మానము పోవును. వ్యూహక్రీడలో ఆడువానిని ఇట్టి ఇరకాటమున నిలుపగలిగినచో ఆ శక్తికి సార్థకత కలిగినట్లే. ఎన్నిమారులు వాడినను బయటపడని రహస్యశక్తి ఉత్త బహుమానము. దానియందు వ్యూహము లేదు.

ఫిల్మ్‌నగర్ కథలలో ఈ ప్రచ్ఛన్నవీరుడు బహుకాలముగా కాపురమున్నాడు. సమరసింహారెడ్డి (1999), ఇంద్ర (2002) వంటి చిత్రములలో నాయకుడు దూరప్రాంతమున సామాన్యుడై బ్రతుకుచుండును. ఇంద్రలో కాశీలో టాక్సీ నడుపుకొనుచుండును. విశ్రాంతి సమయమునకు కొంచెము అటునిటుగా అతని పూర్వచరిత్ర వెల్లడియగును. దీనిని ఆ పరిశ్రమలోనివారు ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ అందురు. విమర్శకులు దీనిని మూసకథ యని తీసివేయుట కలదు. ఆ తీసివేతతో మేము పూర్తిగా ఏకీభవింపము. టాక్సీ నడుపువాడు మహానాయకుడని టిక్కెట్టు కొన్న ప్రతివానికిని ముందే తెలియును. తెలిసియు రెండవమారు, మూడవమారు వచ్చి చూచును. మాయాబజార్ (1957) చిత్రమున శశిరేఖ రూపమున నున్నది ఘటోత్కచుడని తెలిసియే మనము నవ్వుచున్నాము. తెలియనివారు లక్ష్మణకుమారుడును అతని వారును మాత్రమే. ప్రేక్షకునినుండి దాచక పాత్రలనుండి దాచుట వలన రసము తరుగదు. ఇది ఆటకు మిక్కిలి ముఖ్యము, ఏలయన ఆట ఒక్కమారు చూచి ఊరకుండునది కాదు, పదులమారులు ఆడునది. గుప్తము మొదటిమారు బయటపడగనే చచ్చును. ప్రచ్ఛన్నము ప్రతి ఆటలోను క్రొత్తగా బ్రతుకును.

గుప్తమునకు నేటికాలమున మరియొక గండము కలదు. ఆటలోని దత్తాంశములను ఆడువారు త్రవ్వితీసి, దాచిన అంకెలను పట్టికలుగా చేసి లోకమునకు పంచుచున్నారు. కేవలము తెలియకపోవుటపై ఆధారపడిన శక్తి కొద్దిదినములకే దాచనిదగును.

విదేశములలో ఈ విషయమున జరిగిన యత్నములను కొన్నిటిని ఇచట స్మరింపవలసి యున్నది. జపానులో 1990లో వెలువడిన ఫైర్ ఎంబ్లమ్ అను మధ్యయుగ వీరకథాక్రీడలో ఒక్కొక్క వీరునికి వృద్ధిశాతములు కలవు. అతడొక మెట్టు పెరిగినప్పుడు బలమో వేగమో పెరుగునా లేదా అన్నది ఆ శాతముననుసరించి యుండును. ఆ శాతము ఆటలో ఆడువానికి చూపబడదు. ఇందలి కష్టమును చిన్న లెక్కతో చూపవచ్చును. ఇరువురు వీరులున్నారనుకొందము, బలము పెరుగు అవకాశము ఒకనికి నూటికి 40, మరియొకనికి 60. ఐదు మెట్లు పెరుగునప్పటికి సగటున మొదటివానికి 2, రెండవవానికి 3 పెరుగును. ఈ ఒక్క అంకె భేదము అదృష్టవశమున తారుమారు కావచ్చును గనుక ఆడువాడు దానినిబట్టి ఏమియు నిర్ణయింపలేడు. ఇరువది మెట్లకు భేదము 4 అగును. కాని అప్పటికి ఆట ముగియవచ్చినది. అంకెను మాత్రమే దాచి, ఆ అంకెకు మాటలోను చేష్టలోను ఏ సూచనయు ఈయకున్నచో, ఉన్న శక్తియు లేనట్లే.

జపాను సంస్థయైన కోయీ 1985లో ప్రారంభించిన ‘రొమాన్స్ ఆఫ్ ది త్రీ కింగ్డమ్స్’ శ్రేణి ఇంతకంటె సాహిత్యమునకు దగ్గర. ఆ శ్రేణిలోని పెక్కు ఆటలలో ఇద్దరు సేనానులకు పొసగునా పొసగదా అన్నది తెలుపు అంకె ఒకటి తెరపై కనబడక లోపల పనిచేయుచుండును. కాని చీనా దేశపు ఆ ప్రాచీన నవలను చదివినవారికి ఎవరికెవరితో పొత్తు కలదో ముందే తెలియును. నవలయే సూచన. స్వీడను దేశపు పారడాక్స్ సంస్థ 2020లో వెలువరించిన ‘క్రూసేడర్ కింగ్స్ 3’లో రాజవంశీకుల రహస్యములను గూఢచర్యముచే కనుగొని, ఆ రహస్యమును పట్టుకొని వారిని లొంగదీయవచ్చును, తండ్రియందు నిద్రించిన వంశలక్షణము కొడుకునందు మేల్కొనవచ్చును. సుప్తమును వంశపరంపరగా నడిపించిన తీరు మాకు నచ్చినది. మన వీరగాథలకు ఇది చక్కగా అతుకును.

ఇక సుప్తశక్తి. దీనికి మన వాఙ్మయమున పరమోదాహరణము కిష్కింధాకాండమునందలి హనుమంతుడు. సముద్రతీరమున వానరులందరును తమతమ దుముకుల కొలతలు చెప్పుకొనుచుండగా అతడు మౌనముగా కూర్చుండును. జాంబవంతుడు అతని పుట్టుకను, బాల్యమును గుర్తుచేయగా అతడు పెరుగును. ఈ కథలో ఒక ఖచ్చితమైన నియమము దాగియున్నది: ఆ శక్తిని ఆ పాత్ర తనంత తాను మేల్కొలుపలేదు, ఎరిగిన మరియొక పాత్ర ప్రక్కన నిలిచి పలుకవలెను. దీనిని ఆటనియమముగా మార్చుట బహుసులభము. హనుమంతుని గడికి ప్రక్కగడిలో జాంబవంతుడుండి, తన వంతును యుద్ధమునకు గాక పలుకుటకు వెచ్చించినప్పుడే ఆ శక్తి తెరచుకొనును. అట్లు చేసినచో వృద్ధుడైన జాంబవంతుడు సేనలో భారము గాక అమూల్యుడగును.

బాహుబలి రెండవ భాగమున కుంతల రాజ్యఘట్టమంతయు ఈ ప్రచ్ఛన్న సుప్తముల అల్లికయే. దేశాటనకు వెడలిన అమరేంద్ర బాహుబలి, కట్టప్ప తోడురాగా, ఏమియు తెలియని అమాయకునివలె నటించి దేవసేన ఇంట చేరును. ఇది ప్రచ్ఛన్నము. ఆ ఇంటనే కుమారవర్మ యున్నాడు. అతడు నోటితో శూరుడు, చేతితో పిరికి. పిండారీలు రాత్రివేళ కోటపై పడినప్పుడు బాహుబలి అతని చేతికి కత్తి నిచ్చి ధైర్యము చెప్పును. ఆ పిరికివాడు నిజముగానే శూరుడగును. ఇది సుప్తము. ఒకే రాత్రి ఒకనియందు దాగిన శక్తియు, మరియొకనియందు నిద్రించిన శక్తియు కలిసి బయటపడుచున్నవి. మొదటివాడే రెండవవానికి జాంబవంతుడగుచున్నాడు. బాహుబలి ధనుర్విద్యను చూచిన దేవసేన ఆ పోరునడుమనే ఒక్కమారుగా మూడు బాణములు సంధించు నేర్పును అతనివలన గ్రహించును. మూడవ పాత్రకు అది లాభము.

కుమారవర్మ మార్పు ప్రేక్షకులకు ఎందుకు నమ్మదగినదయ్యెనో ఆలోచింపవలెను. అతని గొప్పలు చెప్పుకొను స్వభావము ముందునుండియు హాస్యమునకై చూపబడినది. కాని గొప్పలు చెప్పువానియందు శూరుడని అనిపించుకొనవలెనను కోరిక లోన బలముగా నుండును. ఆ కోరికయే సమయము వచ్చినప్పుడు ధైర్యమైనది. హాస్యముగా కనబడినది వీరమునకు బీజము. కథాచర్చలలో ‘లీడ్’ అను మాట తరచుగా వాడుదురు. రాబోవుదానికి వెనుకటి సన్నివేశములోనే వేసి ఉంచు చిన్న ఆధారమునకు అది పేరు. నాటకలక్షణ గ్రంథములు బీజమనునది ఇంచుమించుగా ఇదియే. నిగూఢశక్తి ప్రకటశక్తికి అన్యమైనది కారాదు, ప్రకటశక్తికే అది రెండవ ముఖమై యుండవలెనని మా అభిప్రాయము. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశమిదియే.

దీనికి గట్టి సాక్ష్యము కట్టప్ప. 2015 నుండి 2017 వరకు రెండేండ్లపాటు కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపెను అను ప్రశ్న దేశమంతట వినబడినది. సమాధానము రెండవ భాగమున వచ్చినది: శివగామి ఆజ్ఞ. ఆ సమాధానమునకు బీజము మొదటి భాగముననే స్పష్టముగా నున్నది. అస్లంఖాను కట్టప్పకు స్వేచ్ఛ ఇప్పింతునని పిలిచినప్పుడు, తన పూర్వులు సింహాసనమునకు ఇచ్చిన మాటకు తాను బద్ధుడనని అతడు నిరాకరించును. బాహుబలిపై అతనికి ప్రేమ కలదు. అతని కత్తి మాత్రము సింహాసనముది. అతని స్వామిభక్తి ఎవరు చూచినను కనబడు గుణము. అతడు చేసిన హత్య ఆ గుణమునకు వెనుకవైపు. దీనిని ఆటలో నియమముగా వ్రాయదలచినచో ఇట్లుండును: కట్టప్ప ఆడువాని సేనలో అందరికంటె దృఢుడు, ఎన్నడును వెనుదీయడు, అతని గుణపట్టికలో ‘సింహాసనబద్ధుడు’ అని ఒక్క మాట మొదటినుండియు అందరికిని కనబడుచుండును. ఆట నడుమ సింహాసనము చేతులు మారినప్పుడు అతడు ఆ క్రొత్త చేతికి లోబడును. జాగ్రత్తగా చదివినవాడు దీనిని ముందే పసిగట్టి అతనిని ఆయువుపట్టుకడ నిలుపడు. చదువనివాడు దెబ్బతినును, దెబ్బతిని, ‘ఈ మాట మొదటినుండియు ఇచ్చటనే యున్నదే’ అని తన్ను తానే నిందించుకొనును గాని ఆటను నిందింపడు. ఈ భేదమే న్యాయమునకు కొలత.

న్యాయము తప్పిన దాపరికము ఎట్లుండునో పల్నాటి వీరచరిత్ర చూపుచున్నది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ఆ ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతము 1911లో ప్రకటించెను. 1947లోను, 1966లోను ‘పల్నాటి యుద్ధము’ పేర రెండు చిత్రములు వెలువడినవి. అందలి కోడిపోరులో నాయకురాలు నాగమ్మ మోసముచే గెలిచినదని ఐతిహ్యము. ఓడిన బ్రహ్మనాయుని పక్షము మాచెర్ల విడిచి వలసపోయెను. కోడిపుంజుల బలము ఎవరికిని ముందు తెలియదు, తెలియకుండుట పందెమునకు సహజమే. కాని మోసమును పసిగట్టుటకు ఓడినవారికి ఏ ఆధారమును లేకపోయెను. పోరు పుంజులతో ముగియక కారెంపూడి వరకు పోయినది. ఆ కథలోనే సుప్తశక్తికిని అందమైన ఉదాహరణము కలదు. తల్లి ఐతమ్మ చాటున, యుద్ధవార్త తెలియకుండ పెరుగుచున్న బాలచంద్రుడు బొంగరములాడుచుండగా బొంగరము అన్నమ యను కోమటిపడుచు కాలికి తగిలెను. ఆమె నొప్పితో పలికిన నిష్ఠురమువలననే అతనికి యుద్ధము సంగతి తెలిసినది. జాంబవంతుని స్తుతి చేసిన పనిని ఇచట ఒక పడుచు నిష్ఠురము చేసినది. స్తుతిచే మేల్కొను శక్తి వేరు, నిందచే మేల్కొను శక్తి వేరు. ఆటలో ఈ రెండింటికిని ఒకే మీట పెట్టుట అనౌచిత్యము.

ఔచిత్యము అను మాట వచ్చినది గనుక ఇందలి చిక్కును చెప్పవలెను. ఆట పదిమారులు ఆడదగినది కావలెనన్నచో నిగూఢశక్తి ప్రతిమారును వేరొక పాత్రకు చెందవలెనని ఆటలు కల్పించువారు కొందరందురు. అట్లు చేసినచో రహస్యము చావదు, నిజమే. కాని కట్టప్ప బద్ధతను ఒకమారు కుమారవర్మకును, మరియొకమారు పిండారీ నాయకునికిని పంచినచో ఆ పాత్రలు పాత్రలు కాక పేరులు తగిలించిన పావులగును. పదునొకండవ శతాబ్దిలో క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా చెప్పినది ఇట్టిచోట అక్షరాల వర్తించును. ఈ చిక్కునకు పరిష్కారము విరాటపర్వముననే కలదు. భీముని బలము భీమునిదే, అది మారదు. మారదగినది అతడే పేరున, ఏ వాకిట దాగినాడన్నదే. శక్తిని పాత్రకు స్థిరముగా ముడివేసి, దాగిన చోటును, మేల్కొను సమయమును మాత్రము ఆటకొక తీరుగా మార్చవలెను.

సూచనలెన్ని ఉండవలెనో లెక్కగట్టుట కష్టము కాదు. ఎనిమిదిమంది పరిచారకులలో ఒకడు ప్రచ్ఛన్నుడనుకొందము. ఒక్కొక్క సూచన అనుమానితులలో సగముమందిని తొలగించునేని, మొదటిదానికి నలుగురు, రెండవదానికి ఇద్దరు, మూడవదానికి ఒక్కడు మిగులును. రెండవ సూచనకును మూడవదానికిని నడుమనున్న కాలమే ఆటకు ఆయువుపట్టు. ఎదుటివాడు ఇద్దరిలో నొకనిని ఎన్నుకొనవలెను. తప్పినచో తన గూఢచారిని పోగొట్టుకొనును. మూడవ సూచన కల్పనకర్త ఈయరాదు. దాగినవాడు తన శక్తిని వాడినప్పుడు అదియే మూడవ సూచన కావలెను. కీచకవధ చేసిన పని ఇదియే.

సొమ్ము విషయమును ఒక్క మాటతో విడిచెదము. ఏ వీరుడు వచ్చునో, అతనికే శక్తి యుండునో తెలుపక పెట్టెను అమ్మి, తెరచి చూచుకొనుమను వ్యాపారము ఆటలలో విస్తారముగా ప్రబలినది. జపాను ప్రభుత్వము 2012లో ఇట్టి అమ్మకములలో ఒక తెగను చట్టవిరుద్ధమని ప్రకటించెను. బెల్జియము జూద నియంత్రణ మండలి 2018లో ఇట్టి పెట్టెలు కొన్ని జూదమేయని తేల్చెను. ఇందలి దాపరికము పాత్రది కాదు, బేరముది. కావ్యదృష్టితో దీనిని గూర్చి చెప్పవలసినదేమియు లేదు.

అధ్యాపకులు ఈ విషయమును తరగతిలో పరీక్షింపదలచినచో కంప్యూటరు అక్కరలేదు. ఎనిమిది చీటీలమీద విరాటుని కొలువులోని పరిచారకుల పేరులు వ్రాసి, ఒక పక్షమును పాండవులుగా, మరియొక పక్షమును దుర్యోధనుని చారులుగా ఏర్పరచి ఆడింపవచ్చును. ఒక్కొక్క చీటీకి మూడు గడులు చాలును: అందరికిని కనబడు గుణము, దానికి వెనుకవైపు, ఆ వెనుకవైపు తెరచుకొను సందర్భము. విద్యార్థి మొదటిగడిని నింపుట సులభము. రెండవగడిని మొదటిదానినుండియే పుట్టించుమన్నచో మూలకావ్యమును మరల తెరువక తప్పదు. ధర్మరాజు చీటీలో కనబడు గుణము సత్యవాక్కు అయినచో, కంకుభట్టుగా అతడాడిన బొంకును ఎచ్చట నిలుపవలెను? వెనుకటి తరములవారు సందేహముగా చర్చించిన ఇట్టి విషయములు ఇచట గడి నింపుటకై తేల్చుకొనవలసినవగును.

ఇంతవరకు శక్తులను గూర్చియే చెప్పితిమి. దాచిన దౌర్బల్యము వేరు ప్రకరణము. కర్ణుని విషయము చూడుడు. బ్రాహ్మణుడనని చెప్పి పరశురామునికడ అస్త్రవిద్య నేర్చెను. ఆ విద్య అవసరకాలమున స్ఫురింపకుండునట్లు శాపము పొందెను. అస్త్రము అతని ప్రకటశక్తి, శాపము దానికి వెనుకవైపు. రెండును ఒకే గురువువలన వచ్చినవి. శాపము సంగతి కర్ణునికి తెలియును. అతనిని సేనాపతిగా నిలిపిన దుర్యోధనునికి చెప్పవలెనా, చెప్పరాదా? ఆడువాడు దుర్యోధనుని స్థానమున నున్నచో కర్ణుని చీటీలోని రెండవగడి అతనికి మూయబడియుండవలెను. కర్ణుని స్థానముననే యున్నచో తెరచియుండవలెను.